రెండోసారి అడగని మనిషి

ఉదగావా జుంపేయి గారి గదిలో టీ వద్దంటే నిజంగానే టీ దొరికేది కాదు.

మా వాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా, ఏది పెట్టినా మొదట వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. పెట్టేవాళ్ళు మూడోసారి అడుగుతారు, అప్పుడు రెండు చేతులా అందుకుంటాం. ఉదగావా గారు ఒక్కసారే అడిగేవారు. వద్దు అన్న మాట వినగానే కెటిల్ కింద పెట్టేసి వేరే సంగతి ఎత్తుకునేవారు. కొత్తగా చేరిన కెమెరామన్ ఒకసారి జనవరి చలిలో ఆయన ఎదురుగా మూడు గంటలు కూర్చుని గొంతు తడవకుండా బయటికొచ్చాడు.

"ఈయన దగ్గర మర్యాదకి పోతే పస్తే," అన్నాడు నాతో, చేతులు రుద్దుకుంటూ.

"మొదటిసారే ఔననెయ్. ఇక్కడ మర్యాద అదే," అన్నాను.

నేను ఆయన తీసిన పదకొండు సినిమాలకి నెగటివ్ కత్తిరించాను. డైరెక్టరు, ఎడిటరు కలిసి ప్రింటును ఎన్నిసార్లైనా కోసుకుంటారు, అతికించుకుంటారు. అంతా కుదిరాక, కెమెరాలోంచి వచ్చిన అసలు నెగటివ్‌ని ఆ ప్రింటు ప్రకారం అంచు మీద నంబర్లు చూసుకుంటూ కొయ్యాలి. అది నా పని. ప్రింటు పాడైతే ఇంకోటి తీయించుకోవచ్చు. నెగటివ్ తప్పుగా కోస్తే దానికి ఇక మందు లేదు. అతుకు వేసిన ప్రతిచోటా అటొక ఫ్రేము, ఇటొక ఫ్రేము పోతుంది. ఈ పని నాకెవరూ నేర్పలేదు. తోక్యోలో ఒక లాబొరేటరీలో నేల ఊడ్చేదాన్ని. ఊడుస్తూ చూశాను, పారేసిన ముక్కలు ఇంటికి తీసుకెళ్ళి గీకి, జిగురు రాసి, అతికించి, లాగి చూసేదాన్ని. ఆరు నెలలకి నా అతుకు తెగడం మానేసింది.

ఉదగావా గారు గిఫులో గొడుగులు చేసే ఇంట్లో పుట్టారు. యుద్ధం అయ్యాక ఒక పెద్ద స్టూడియోలో సహాయ దర్శకుడిగా చేరారు. నాలుగేళ్ళకి సమ్మె జరిగింది, తీసేసినవాళ్ళ జాబితా గేటుకి అంటించారు, అందులో ఆయన పేరుంది. ఇంకో ఐదుగురితో కలిసి తోఫు దుకాణం మేడ మీద ఒక గది తీసుకుని సొంతంగా సినిమాలు మొదలుపెట్టారు. ఆ గదిలో మా ఫిల్ము డబ్బాలన్నిటికీ ఉడికిన సోయా వాసన పట్టేది. ఐదుగురూ ఒక్కొక్కరే పెళ్ళిళ్ళు చేసుకుని, ప్రకటనల సినిమాలకి వెళ్ళిపోయారు. ఆయనా, మొదటి సినిమాకి లాబొరేటరీ నుంచి వచ్చి చేరిన నేనూ మిగిలాం.

ఆయన రెండోసారి ఎందుకు అడగరో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మొదటి సినిమా నెగటివ్ కూడా నేనే కోశాను. అది పట్టు మిల్లులో పనిచేసే ఆడపిల్లల మీద తీసింది, 1955లో. మిల్లు హాస్టల్లో సూపర్‌వైజరు ఏం చేసేవాడో చెప్పగలిగింది ఇచిసె ఫుమి ఒక్కతే. పంతొమ్మిదేళ్ళది. ఉదగావా గారు అడిగితే వద్దంది. మర్నాడు మళ్ళీ అడిగారు, వద్దంది. మూడోనాడు వాళ్ళ ఊరికి వెళ్ళి, వాళ్ళ ఇంటి అరుగు మీద వానలో సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ పిల్ల తండ్రి చూడలేక లోపలికి పిలిచాడు. ఫుమి ఒప్పుకుంది. కెమెరా ముందు కళ్ళు దించకుండా అంతా చెప్పింది.

సినిమా ఆడింది. మిల్లు ఆమెని పంపేసింది. ఊళ్ళో వాళ్ళింటికి రాకపోకలు ఆగిపోయాయి, స్నానాల సావిడిలో ఆమె వస్తే మిగతా ఆడవాళ్ళు లేచిపోయేవారు. ఆ సంగతి తెలిసి ఉదగావా గారు ఫుమి ముక్కని నెగటివ్ నుంచి తీయించేశారు. కానీ అప్పటికే బయటికి వెళ్ళిన పాత ప్రింటు ఒకటి ఎవరో ఆడించేవాడి దగ్గర ఉండిపోయింది. వాడు దాన్ని తీసుకెళ్ళి ఆమె జిల్లాలోనే వేశాడు. ఆ చలికాలం ఫుమి సరస్సులోకి నడిచి వెళ్ళింది.

అప్పటినుంచి ఆయన పద్ధతి మారింది. ఎవరినైనా ఒక్కసారే అడుగుతారు. సినిమా పూర్తి చేసే ముందు, అందులో ఉన్నవాళ్ళ ఊరికే ప్రొజెక్టరు మోసుకెళ్ళి మొదట వాళ్ళకే చూపిస్తారు. ఎవరైనా నా ముక్క వద్దంటే తీసేస్తారు, ఎందుకని అడగరు. తీసిన ముక్కని, బొమ్మా శబ్దమూ రెండూ, ఆ వారంలోనే నేను కాల్చెయ్యాలి. "ఉంటే ఎవడో ఒకడు అతికిస్తాడు," అనేవారు.

ఇరవై ఏళ్ళపాటు అలాగే తీశాం. పడవ దాటించేవాళ్ళు, ఆనకట్ట కింద మునిగిన ఊరు, చేపల డబ్బా కార్ఖానాలో చేతులు పాడైన ఆడవాళ్ళు. బడుల్లో, పంచాయితీ గదుల్లో తెర కట్టి చూపించాం. మునిగిన ఊరి సినిమాలో ఒక ముసలమ్మ తన బట్ట మీద మాసిక కనిపిస్తోందని ముక్క తీసెయ్యమంది. అది అందులో అన్నిటికంటే మంచి ముక్క. తీసేశారు. "ఉదగావా సినిమాలకి చిల్లులెక్కువ" అని ఒక పత్రికవాడు రాశాడు. ఆయన ఆ కాగితం కత్తిరించి గోడకి అంటించారు. ఇంట్లో ఆవిడ మాత్రం నవ్వలేదు. ఒకరోజు కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆయన ఒకసారి వెళ్ళి రమ్మన్నారు. రానంది. తిరిగొచ్చేశారు.

*

కురనోహారు గని సినిమా పదకొండోది. క్యూషూలో బొగ్గు గనులు ఒక్కొక్కటీ మూతపడుతున్న రోజులవి. కురనోహారులో గని అప్పటికే మూసేశారు, లైన్ల ఇళ్ళలో మగవాళ్ళు మిగిలారు, వాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము మిగిలింది. పది అడుగులు నడిచి గోడ పట్టుకుని నిలబడేవారు. కంపెనీ మీద కోర్టులో కేసు వేశారు. కంపెనీ ఒకటే మాట చెప్పింది: దుమ్ము లేవకుండా గని బాయిలో నీళ్ళ గొట్టాలు వేయించాం, వాడుకోకపోతే అది కూలీల తప్పు.

ఏడాదిపాటు అక్కడికి వెళ్ళి వచ్చాం. మనిషి తక్కువై నేను కూడా శబ్దం పెట్టె మోశాను.

"ఏం సారు, మీ తోక్యోల బియ్యం దొరకయా? గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నరు," అనేవాడు సొగావా. దగ్గూ నవ్వూ కలిసిపోయేవి అతనికి. తమ్ముణ్ణి ఆ జబ్బుకే పోగొట్టుకున్నాడు, తనకీ అదే ఉంది.

"ఆమె మోస్తుంటె మీరు ఉత్త చేతులతోని నడుస్తున్నరు. ఎవరు డైరెక్టరో చెప్పి పుణ్యం కట్టుకోండ్రి," అన్నాడు ఇంకొకాయన.

ముతా ఇసెకిచి బాయిలో వాళ్ళ తవ్వకం గ్యాంగుకి మేస్త్రిగా చేసినవాడు. అందరితో పాటు వచ్చి కూర్చునేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. ఉదగావా గారు మొదట్లో ఒకసారి అడిగారు. "నాకేం తెలుసు సారు, తెలిసినోళ్ళను అడుగుండ్రి," అన్నాడు. ఆయన తల ఊపి వదిలేశారు. ముతా భార్య హత్సుయో మాత్రం మేం కనబడితే ఉడకబెట్టిన చిలగడదుంపలు చేతిలో పెట్టేది. ఉదగావా గారు మొదటిసారే తీసుకోవడం చూసి ఆమె విస్తుపోయేది. "గింత ఆకలి మీద ఉన్నరా సారు," అని ఇంకో రెండు పెట్టేది.

చిత్రీకరణ ఆఖరి రోజున మూసేసిన బాయి నోటి దగ్గర తుప్పు పట్టిన గొట్టాలు తీస్తున్నాం. ముతా గుట్ట ఎక్కి వచ్చాడు. ఎక్కడానికి అరగంట పట్టి ఉంటుంది. కెమెరా పక్కన నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"ఈ గొట్టం సంగతి నేను చెప్త," అన్నాడు.

ఒక్క రోలు మిగిలి ఉంది. పదకొండు నిమిషాలది. ఉదగావా గారు ఏమీ అడగలేదు. కెమెరామన్ తిప్పాడు.

"ఇది నీళ్ళ గొట్టం. ఇది దీని చక్రం. డ్రిల్లు రాయిల దిగేటప్పుడు నీళ్ళు పడితే దుమ్ము లేవది. తనిఖీ ఉన్న దినం తప్ప తిప్పొద్దని దొర చెప్పిండు. బురదైతే పని సాగదని. పదిహేడేండ్లు ఈ చక్రం నేనే బంద్ పెట్టిన. నన్నెవ్వరు కొట్టి చేయించలే. ఎక్కువ తవ్వితే గ్యాంగుకు బోనసు వచ్చేది, నేను కూడ తీసుకున్న."

తర్వాత తన గ్యాంగులో పద్నాలుగు మంది పేర్లు చెప్పాడు. ప్రతి పేరు వెనకా ఆ మనిషి అన్నం డబ్బాలో ఏం తెచ్చుకునేవాడో చెప్పాడు. సొగావా తమ్ముడు తెత్సుజి పేరు చెప్పి, "వాని డబ్బాల ఉప్పుల ఊరిన పండు ఒక్కటే ఉండేది, నడిమిట్ల," అన్నాడు. తొమ్మిది మంది పోయారన్నాడు. చివర కుడిచెయ్యి చాచి, "ఇదే చెయ్యి," అన్నాడు. అప్పటికి తొమ్మిది నిమిషాలైంది. కెమెరామన్ ఆపాడు.

గుట్ట దిగేటప్పుడు ఉదగావా గారు నాతో ఒక్క మాట అన్నారు. "తొమె, నేను ఇన్నేళ్ళు తీసింది దీనికోసమే."

ఆ రోలు ప్రింటు నేను చూశాను. కోర్టులో కంపెనీ చెప్పిన మాటకి జవాబు అందులో ఉంది. ఎడిటింగులో దాన్ని ముట్టుకోలేదు. మాట మొదలవకముందు ముతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుము మీద పెట్టుకుని తీసేసిన ఒక చిన్న తునక తప్ప, తొమ్మిది నిమిషాలూ కత్తెర పడకుండా సినిమా మధ్యలో పెట్టాం. దానికి ముందు గుట్ట, తర్వాత ఆసుపత్రి నడవా.

*

1977 మార్చిలో ప్రింటు తీసుకుని కురనోహారు వెళ్ళాం. లైన్ల ఇళ్ళ మధ్య ఉన్న సమావేశాల గదిలో తెర కట్టాం. నలభై మంది దాకా వచ్చారు.

"ఆడమనిషి మిషను పట్టింది, ఇయ్యాల బొమ్మ ఉల్టా పడ్తది," అన్నాడు సొగావా.

"నిన్ను ఉల్టాగా చూపిస్తేనే బాగుంటావు," అన్నాను. అందరూ నవ్వారు, నవ్వినవాళ్ళందరూ దగ్గారు.

సినిమా నడుస్తున్నంతసేపూ మిషను చప్పుడు కంటే దగ్గులే ఎక్కువ వినిపించాయి. ముతా తెర మీదికి వచ్చాక దగ్గులు ఆగాయి. ఆ రోగం ఉన్నవాళ్ళు దగ్గు ఆపుకోవడం ఎంత కష్టమో నేను ఏడాదిగా చూస్తున్నాను. తొమ్మిది నిమిషాలు ఆపుకున్నారు.

దీపాలు వేశాక ఉదగావా గారు లేచి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. "ఎవరికైనా తమ ముక్క వద్దనిపిస్తే ఇప్పుడు చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు."

తర్వాత ముతా లేచాడు. తనవాళ్ళ వైపు ఒకసారి, డైరెక్టరు వైపు ఒకసారి వంగి దండం పెట్టాడు.

"అందరివి మంచిగున్నయ్. నాదొక్కటే చూడనీకి అసయ్యంగున్నది. అడ్డం పడ్డట్టున్నది. నా ముక్క తీసెయ్యుండ్రి సారు."

అని ఉదగావా గారి వైపు చూశాడు. నేను ప్రొజెక్టరు దగ్గర ఉన్నాను, ఆ చూపు నాకు ఎదురుగా కనిపించింది.

ఉదగావా గారి మొహం తెల్లబోయింది. ఆయన చేతులు తొడలకి ఆన్చి, నడుము దాకా వంగారు.

"అలాగే. తీసేస్తాను."

ముతా వెంటనే కూర్చోలేదు. ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు కొంచెంసేపు నిలబడే ఉన్నాడు. హత్సుయో అతని చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆడవాళ్ళు ముల్లంగి ఊరగాయ, టీ తెచ్చారు. సొగావా సిగరెట్టు వెలిగించి, ఒక్క దమ్ము కూడా పీల్చకుండా ఆర్పేశాడు.

మర్నాడు సాయంత్రం రైలెక్కాం.

ఆ రోలు నెగటివ్‌ని నేను నాలుగు రోజులు అరలోనే ఉంచాను. ఐదోరోజు అడిగాను.

"డైరెక్టరుగారూ, ఆ మాట అన్నాక ముతాగారు మీ వైపు చూశారు."

"చూశాడు. నేను తల వంచాను. ఇంకేం చెయ్యమంటావు?"

"ఇంకొక్కసారి వెళ్ళి అడిగితే..."

"ఫుమిని మూడుసార్లు అడిగాను," అన్నారు.

మాటలు నా పని కాదని అనుకునేదాన్ని. రోలు నెగటివ్‌నీ, ప్రింటులోంచి తీసిన ముక్కనీ, శబ్దం టేపునీ తోఫు దుకాణం వెనక రేకు డ్రమ్ములో వేసి కిరసనాయిలు పోశాను. యుద్ధం ముందు నాటి ఫిల్ము అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమనేదట. ఈ ఫిల్ము మండదు. ముడుచుకుని, నల్లటి ముద్దయి, వెనిగర్ వాసన కొడుతుంది. కర్రతో కదిపి కదిపి మొత్తం అయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత గుట్టనీ ఆసుపత్రి నడవానీ కలిపి అతికించాను.

*

సినిమా ఏడు ఊళ్ళలో ఆడింది. ముతా లేకపోతే అందులో జబ్బు ఉంది, గుట్ట ఉంది, జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం లేదు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, మంచి సినిమా అన్నారు. మెచ్చుకుంటూ ఎవరో రాసిన కాగితాన్ని ఉదగావా గారు చదివి, మడిచి, చెత్తబుట్టలో వేశారు. ఆ కాగితం గోడకెక్కలేదు.

1979 జనవరిలో ముతా పోయాడని ఉత్తరం వచ్చింది. దాని వెనకే కూలీల తరఫు వకీలు మా మేడ మెట్లెక్కి వచ్చాడు.

"ఆ చక్రం సంగతి ఆయన సినిమాలో చెప్పాడట కదా. ఆయన బతికుండగా నేను నాలుగుసార్లు వెళ్ళాను. నోరు విప్పలేదు. ఆ రోలు ఇస్తే కోర్టులో పెడతాను."

"లేదు," అన్నారు ఉదగావా గారు.

"ఒక తునకైనా?"

"తీసేసిన ముక్కలు మేం ఉంచం."

వకీలు ఆయన్ని, తర్వాత నన్ను చూశాడు. "ఇన్నేళ్ళు వీళ్ళకోసమే తీశారంటారే," అని మెట్లు దిగిపోయాడు.

చెర్రీ పూలు రాలుతున్న రోజుల్లో హత్సుయో వచ్చింది. ఒక్కతే, అంత దూరం, రాత్రంతా రైల్లో కూర్చుని. చేతిలో గుడ్డమూట, అందులో ఎండబెట్టిన చిలగడదుంప ముక్కలు. చాప మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"సారు, నాకు కోర్టు సంగతి తెల్వది. ఒక్కసారి మా ఆయనను చూపియ్యుండ్రి. మాట్లాడేటప్పటి బొమ్మ. చూసి పోత."

ఆమె తనే చెప్పుకుపోయింది.

"ఆ దినం హాలు నించి వచ్చి ఏమన్నడో తెలుసా సారు? రేపు సారు వస్తడు, ముతా, అట్ల కాదు, నీ ముక్క ఉండాలె అంటడు, నేను ఇంకోపారి వద్దంట, అప్పుడు మల్ల అడుగుతడు, సరే అంట అన్నడు. మా ఓళ్ళ ముందల నేనే ఉంచుండ్రి అంటె ఏం బాగుంటది, చేసిందంత చేసి బొమ్మల కూడ నిలబడ్డడంటరు అన్నడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నడు. ఉతికిన అంగీ ఏసుకొని గడపల కూసున్నడు. నేను చేప కూడ తెచ్చి పెట్టిన సారు, మీరు మొదటి మాటకే తింటరు గదా అని. రైలు కూత ఇనబడ్డంక లేచి అంగీ విప్పిండు."

ఉదగావా గారు రెండు చేతులూ చాప మీద ఆన్చి తల నేలకి వంచారు.

"సారుకు కూడ నా మాట అసయ్యమనిపించింది, అందుకే ఒక్క మాటన్న అడగలే అన్నడు. దాని తర్వాత ఎవరొచ్చి అడిగినా నాకేం తెల్వదన్నడు. నాతోని కూడ ఎత్తలే." ఆమె ముందుకి జరిగింది. "చేతులు తియ్యుండ్రి సారు. నేను తిట్టనీకి రాలే. ఒక్కసారి చూపియ్యుండ్రి."

ఆయన తల ఎత్తలేదు. నేనే చెప్పాను.

"లేదక్కా. నేను కాల్చేశాను."

"మొత్తమా, చెల్లె?"

"మొత్తం."

ఆమె మూట ముడి విప్పి మళ్ళీ వేసింది. ఉదగావా గారు లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టారు. టీ తాగమన్నారు. వద్దంది. మళ్ళీ అడిగారు. వద్దంది. మూడోసారి అడిగారు. నేను ఆయన్ని చూస్తున్న ఇరవై నాలుగేళ్ళలో, ఫుమి తర్వాత, ఎవరినైనా మూడోసారి అడగడం అదే. హత్సుయో రెండు చేతులా అందుకుని, చల్లారేదాకా పట్టుకుని, తాగింది.

ఆమె టీ తాగుతుండగా నేను ముక్కలు వేలాడదీసే పెట్టె మొత్తం వెతికాను. అడుగున గుడ్డసంచి మడతలో ఒక తునక దొరికింది. మాట మొదలవకముందు కోసేసిన ప్రింటు తునక, ముప్పైయొక్క ఫ్రేములు. ఒక్క సెకను కంటే కాస్త ఎక్కువ. నేనెప్పుడూ పని వదిలెయ్యను, ఆ ఒక్కటి ఎలా ఉండిపోయిందో తెలియదు. కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టుకుంది. ఒక్కో గడీ వేలితో జరుపుకుంటూ చివరిదాకా చూసింది.

"నోరు తెరవలేదు," అంది.

అయినా తీసుకెళ్ళింది.

*

ఆ శరదృతువులో తీర్పు వచ్చింది. గొట్టాలు ఉన్నట్టు కాగితాలున్నాయి, వాటిని ఎవరో కావాలని మూయించారనడానికి సాక్ష్యం లేదు. కూలీలు ఓడిపోయారు.

ఉదగావా గారు కురనోహారు వెళ్తానన్నారు. ముతా చెప్పిందంతా ఆ సమావేశాల గదిలో నిలబడి మళ్ళీ తన నోటితో చెప్పాలనుకున్నారు. నేనూ వెళ్ళాను. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి సొగావా దగ్గరుందంటే అతని ఇంటికి వెళ్ళాం. అతను పరుపు మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఉదగావా గారు అక్కడే చెప్పడం మొదలుపెట్టారు. నాలుగు మాటలు కాకముందే సొగావా చెయ్యెత్తాడు.

"చక్రం మేస్త్రి బంద్ పెట్టేదని మాకు తెల్వదా సారు? బాయిల మేము లేమా?"

"మరి కోర్టులో..."

"చెప్పినం. కండ్లతోని చూసినవా అని అడిగిన్రు. ఆ దుమ్ముల మా చెయ్యి మాకే కనబడకపాయె, చక్రం మీద ఎవని చెయ్యి ఉన్నదో ఏం చూస్తం?" ఊపిరి కోసం ఆగాడు. "చెప్పెటోడు ఆయనొక్కడే ఉండె."

"ఆ రోజు ఇక్కడ తీసెయ్యమన్నప్పుడు మీరెవరూ వద్దనలేదు," అన్నారు ఉదగావా గారు. నిలదీసినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

"మీరంటరని చూసినం సారు. సినిమా మీది. మీరొక్క మాట అంటే మేమందరం అందుకుందుము. మీరు పోయి మొదటి మాటకే వంగి దండం పెడితిరి." కాసేపు గాలి లాక్కున్నాడు. "మా తమ్ముని పేరు చెప్పిండు. డబ్బాల పండు సంగతి చెప్పిండు. నాకు యాదికే లేదు సారు ఆ పండు. నేనన్న లేచి ఉండనియ్యుండ్రి అనాలె. నా కడుపుల కూడ ఇంత కోపముండె ఆయన మీద. ఇంకొకరు ముందల అంటే తర్వాత అందామనుకున్న."

అతని భార్య తాళంచెవి తెచ్చి మా ముందు పెట్టింది. ఉదగావా గారు దాన్ని ముట్టుకోలేదు. ముతా సమాధి దగ్గరికి వెళ్దామంటారనుకున్నాను, అదీ అనలేదు. నేరుగా స్టేషనుకి నడిచాం. హత్సుయో ఇంటి ముందు నుంచే దారి. తలుపు మూసి ఉంది. ఆయన గుమ్మం ముందు ఆగారు, చెయ్యి సగం ఎత్తారు, దించేశారు.

రైల్లో చాలాసేపటికి ఒక్క మాట అన్నారు.

"అడిగితే ఒకరు పోయారు. అడక్కపోతే ఇంతమంది."



తర్వాత ఆయన సినిమా తియ్యలేదు. ఎవరో ఆసుపత్రి ఉద్యోగుల సంఘం వాళ్ళు తీసిపెట్టమని వచ్చారు. ఎవరినైనా ఎలా అడగాలో మర్చిపోయానని చెప్పి పంపేశారు. మేడ మీద గది ఖాళీ చేశాం. నేను డబ్బాలన్నీ మా ఇంటి గదిలో పెట్టుకున్నాను. ఆయన ఒక బడి దగ్గర పిల్లలు రోడ్డు దాటేచోట పసుపు జెండా పట్టుకునే పనిలో చేరారు. ఒకసారి చూడటానికి వెళ్ళాను. జెండా బాగా పట్టుకునేవారు. పిల్లలు వంగి నమస్కారం చేస్తే ఆయనా అంతే కిందికి వంగేవారు. ఎనిమిదేళ్ళు ఆ పని చేసి, కడుపులో జబ్బుతో పోయారు. దహనానికి ఆయన కూతురు వచ్చింది. తండ్రి సినిమాలు ఒక్కటీ చూడలేదంది. చూపిస్తానన్నాను. వద్దంది. ఇంకోసారి అడిగాను. నిజంగానే వద్దంది.

నాలుగేళ్ళ తర్వాత పాత సినిమాలు భద్రపరిచేవాళ్ళ నుంచి ఒక ఫారం వచ్చింది. నెగటివ్‌లు పంపితే చల్లటి గదిలో దాస్తామన్నారు. పదకొండు సినిమాలూ తీసి బల్ల మీద ఒక్కొక్కటీ తిప్పి చూశాను. తెల్ల చేతితొడుగులు వేసుకుని, అతుకు అతుకూ వేలితో తడిమాను. కొన్ని పాతవి ఎండిపోయి విడుతున్నాయి, మళ్ళీ వేశాను. కురనోహారు సినిమాలో గుట్ట అయిపోయి ఆసుపత్రి నడవా మొదలయ్యేచోట ఆగాను. నేను వేసిన వేల అతుకుల్లో అంత శుభ్రంగా కుదిరింది ఇంకొకటి లేదు. గోరుకి కూడా తగల్లేదు. తెర మీద వేస్తే అక్కడేదో ఉండేదని ఎవరికీ తెలియదు.

ఫారం చివర లోపించిన భాగాలు అని ఒక గడి ఉంది. తీసెయ్యమన్నవి తీసేశాక మిగిలిందే తన సినిమా అనేవారు ఆయన. లెక్కప్రకారం సినిమా మొత్తం ఉంది.

ఆ గడిలో 'లేవు' అని రాసి, డబ్బాలకి తాడు కట్టాను.